అనౌన్సర్ తాతగారి పళ్ళు

ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసినవాళ్ళకి ముందుగా కనిపించేది పాలో కూరగాయలో కాదు. పై అరలో, ఇత్తడి పనిముట్టు ఒకదాని మధ్యలో, ఎర్రటి మైనంలో వరసగా గుచ్చిన పళ్ళ సెట్టు. పైవీ కిందివీ కలిపి నిండు నోరు. మొదటిరోజు దాన్ని చూసి చిన్నమ్మాయి కెవ్వుమని అరిచింది. మర్నాడు "నమస్కారమండీ" అని పలకరించింది. వారం తిరిగేసరికి అలవాటుపడిపోయి, పాలగిన్నె తీసుకుంటూ "కాస్త జరగండి" అనడం మొదలుపెట్టింది.

ఆ పళ్ళు పెద్దమ్మాయివి. అంటే ఆమె నోట్లోవి కావు, ఆమె చేస్తున్నవి. డెంటల్ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. పళ్ళ డాక్టరు చదువంటే జనానికి మొదటినుంచీ కాస్త లోకువే. అసలు డాక్టరు సీటు రాకపోతే ఇందులో చేరతారని ఒక అభిప్రాయం. ఆ అభిప్రాయం ఉన్న చుట్టాలే ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగకముందే "ఇదిగో ఈ వెనక పన్ను జివ్వుమంటోందమ్మా, చూడు" అని నోరు తెరుస్తారు. పెద్దమ్మాయి అలా నవ్వుతూ ఎన్ని నోళ్ళలోకి తొంగిచూసిందో లెక్కలేదు.

ఊళ్ళన్నీ మూయించిన ఆ రోగం వచ్చాక ఈ లోకువ చదువే అన్నిటికన్నా ప్రమాదమైన చదువైపోయింది. పన్ను మీద మర తిప్పితే ఉమ్మి తుంపరలై గదంతా లేస్తుందనీ, ఆ తుంపరల్లోనే రోగం ఉంటుందనీ, అందరికంటే ముందు పోయేది పళ్ళ డాక్టర్లేననీ టీవీలో బొమ్మలేసి మరీ చూపించారు. ఒక మధ్యాహ్నం కాలేజీకి నోటీసు వచ్చింది. సాయంత్రానికల్లా అందరూ ఖాళీ చేసి పోవాలి. పిల్లలు పుస్తకాలూ బట్టలూ సర్దుకున్నారు. పెద్దమ్మాయి మాత్రం ల్యాబ్‌కి పరిగెత్తి, ఆ పళ్ళ సెట్టుని పనిముట్టుతో సహా తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. అలా తీసుకెళ్ళకూడదు. కానీ అక్కడ వదిలేస్తే ఎండకి మైనం మెత్తబడుతుంది, మెత్తబడితే పళ్ళు పక్కకి ఒరుగుతాయి, ఒరిగితే ఇన్ని నెలల పనీ మట్టిలో కలిసినట్టే. పదిరోజుల్లో ఎలాగూ తెరుస్తారు కదా అనుకుంది. అప్పుడు అందరూ అలాగే అనుకున్నారు.

ఆ పళ్ళు ఎవరి నోటికోసమో ఇప్పుడు చెప్పాలి.

ఆయన రైల్వే స్టేషన్లో అనౌన్సర్‌గా చేసి రిటైరయ్యాడు. ఏ బండి ఎప్పుడొస్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో మైకులో చెప్పడమే జీవితమంతా ఆయన పని. క్లినిక్‌లో అందరూ అనౌన్సర్ తాతగారనే పిలిచేవారు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. వచ్చేనాటికి నోట్లో కిందివైపు ముందు మూడు పళ్ళు మిగిలాయి. ఊగేవే కానీ ఊడేవి కావు. ఆ మూడింటితోనే రొట్టె కొరికేవాడు, వాటి ఆసరాతోనే మాట పలికేవాడు.

డెంటల్ కాలేజీలో కోటా అని ఒకటుంటుంది. ఆఖరి పరీక్షకి కూర్చోవాలంటే ప్రతి విద్యార్థీ ఇన్ని పళ్ళు పీకాలి, ఇన్ని పుప్పిపళ్ళు పూడ్చాలి, ఒక నోటికి పూర్తిగా కట్టుడుపళ్ళు కట్టాలి. పుప్పిపళ్ళకేం, కావలసినన్ని దొరుకుతాయి. ఒక్క పన్నూ లేని నోరు దొరకడమే కష్టం. అలాంటి నోరేదైనా క్లినిక్ గుమ్మం తొక్కిందంటే పిల్లలందరూ పెళ్ళికొడుకుని చూసినట్టు చూస్తారు. పెద్దమ్మాయి కోటాలో అన్నీ అయ్యాయి, ఆ ఒక్కటి తప్ప. సరిగ్గా అప్పుడే మూడే మూడు పళ్ళతో అనౌన్సర్ తాతగారు వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

"ఇవి ఇక నిలవవు తాతగారూ. తీసేద్దాం. రెండు నెలల్లో నిండునోటితో ఇంటికి పంపిస్తాను" అంది.

"ఉండనీ తల్లీ. ఉన్నన్నాళ్ళు ఉంటాయి. వీటితో నాకేం పేచీ లేదు."

"నా మాట వినండి. మళ్ళీ మైకు ముందు కూర్చోబెడతాను మిమ్మల్ని."

ఆ మాటకి ఆయన పడిపోయాడు. క్లినిక్‌లో పని నేర్పే మేడమ్ వచ్చి చూసి, అవును, తీసేయాల్సినవే అంది. తీసేయాల్సినవే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ వారమే తీసేయాలన్న తొందర పళ్ళది కాదు, కోటాది. ఆ సంగతి పెద్దమ్మాయికి తెలుసు. తెలిసే తీసింది.

పుండ్లు మానాక అచ్చులు తీసింది. పై దవడా కింది దవడా ఎలా కలుస్తాయో కొలిచి ఇత్తడి పనిముట్టు మీద అమర్చింది. మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టింది. ఒకరోజు ఆ మైనం సెట్టుని ఆయన నోట్లో పెట్టి, "ఏదైనా మాట్లాడండి, పలుకు చూడాలి" అంది. పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"దయచేసి వినండి. ఉత్తరం వైపు వెళ్ళే ప్యాసింజరు బండి అరగంట ఆలస్యంగా వస్తున్నది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

క్లినిక్ అంతా తిరిగి చూసింది. తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉన్నాయి, తిరిగే మరలు ఆగాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. పెద్దాయన కళ్ళు నిండిపోయాయి. పెద్దమ్మాయికి అంత సంతోషం ఆ చదువులో మరెప్పుడూ కలగలేదు. తరవాత ఆయన నోట్లోంచి ఆ సెట్టు తీసుకోవలసి వచ్చింది. "ఇది ఇంకా మైనమే తాతగారూ. వారంలో గట్టి పళ్ళుగా మార్చి ఇస్తాను, అప్పుడిక మీవే" అంది. ఆయన మనసొప్పక, చేతిలో కాసేపు పట్టుకుని చూసుకుని, ఇచ్చేశాడు.

ఆ వారంలోనే కాలేజీ మూసేశారు.

పెద్దమ్మాయి ఇంటికొచ్చిన కొత్తలో పెద్దాయన ఫోన్ చేశాడు. "ఎప్పుడు లమ్మంటావు తల్లీ?" అన్నాడు. పళ్ళు లేని ఆ మాట ఫోన్లో సగమే అర్థమైంది. పదిరోజుల్లో అంది. పదిరోజులయ్యాక మళ్ళీ చేశాడు. ఇంకో రెండు వారాలంది. మూడోసారి మోగినప్పుడు ఏం చెప్పాలో తెలియక ఫోన్ వంక చూస్తూ కూర్చుంది. మోగి మోగి ఆగింది. రేపు ఏదో ఒకటి తెలుస్తుంది, అప్పుడు నేనే చేస్తాననుకుంది. రేపు ఏమీ తెలియలేదు. ఒకసారి ఎత్తని ఫోన్ రెండోసారి ఎత్తడం ఎంత కష్టమో ఎత్తకుండా ఉన్నవాళ్ళకే తెలుసు.

ఈలోగా ఆమెకి జ్వరం తగిలింది. వాసన పోయింది. పెద్ద ప్రమాదమేమీ కాలేదు, తగ్గిపోయింది. కానీ మంచం మీద పడుకుని ఒకే లెక్క వేసుకునేది. ఈ రోగం నాకు ఎప్పుడు అంటుకుంది? ఆ చివరి రోజు ఆయన మొహం మీదికి వంగి పని చేసినప్పుడే నాలో ఉందా? ఆ లెక్క తేలేది కాదు. తేలకపోయినా ప్రతిసారీ ఉందనే జవాబు వచ్చేది. ఆ తరవాత కొన్నాళ్ళకి పెద్దాయన ఫోన్లు ఆగిపోయాయి.

ఇక ఆమెకి అనుమానం లేదు. చనిపోయాడు. ముందు పళ్ళు తీశాను, తరవాత ప్రాణం తీశాను అనుకుంది.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఆన్‌లైన్ క్లాసు పెట్టుకునేది, కెమెరా ఆపేసి. తెర మీద ఎవరో దవడ ఎముకల గురించి చెబుతూ ఉండేవారు. ఆమె మైనం ముక్క ముందు పెట్టుకుని పన్ను చెక్కడం సాధన చేసేది. మొదటి సంవత్సరం పిల్లలు చెక్కే పన్ను. చెయ్యి వణికేది, అంచు విరిగేది. విరిగిన ముక్కలన్నీ కిటికీలో పేర్చేది. చేతులు ఎన్నిసార్లు కడిగేదంటే వేళ్ళ సందులు పగిలి రక్తం వచ్చేది. అమ్మ కొబ్బరినూనె రాయబోతే "వద్దమ్మా, ముట్టుకోకు" అని వెనక్కి లాక్కునేది. క్లాసు స్నేహితులు మెసేజ్‌లు పెట్టారు, తరవాత మానేశారు. వాళ్ళలో ఎంతమంది తమ గదుల్లో ఇలాగే తలుపేసుకుని కూర్చున్నారో ఆమెకి అప్పుడు తెలియదు. చాలామందే కూర్చున్నారు.

అసలు సంగతి పట్టుకున్నది చిన్నమ్మాయి. ఆ పిల్ల నోరు ఊరికే ఉండదు, కళ్ళూ ఊరికే ఉండవు.

"అమ్మా, అక్క నమలడం లేదు."

"తింటూనే ఉంది కదే."

"తింటోంది. నమలడం లేదు. చూడు."

అమ్మ ఇంట్లో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆ రోజుల్లో ఊరందరికీ మాస్కులు కుడుతూ తల ఎత్తడానికి తీరిక ఉండేది కాదు. ఆ రోజు తలెత్తి చూసింది. పెద్దమ్మాయి రొట్టెని పాలలో వేసి, అది పూర్తిగా కరిగిపోయేదాకా కూర్చుని, చెంచాతో మింగుతోంది. అన్నమైతే గుజ్జుగా పిసికి మింగుతోంది. పండు కోసి పెడితే పక్కకి నెట్టేస్తోంది. ఎన్నాళ్ళనుంచి ఇలా తింటోందో అమ్మకి తెలియదు. నిజం చెప్పాలంటే పెద్దమ్మాయికీ తెలియదు. ఎవరూ చెప్పకుండానే ఆమె నోరు పెద్దాయన నోరులా అయిపోయింది.

"పన్ను నొప్పా?" అంది అమ్మ. పళ్ళ డాక్టరుని ఆ ప్రశ్న అడగడం విచిత్రంగా తోచి చిన్నమ్మాయి నవ్వబోయింది, అక్క మొహం చూసి ఆగిపోయింది.

"నొప్పి కాదు."

"మరి?"

పెద్దమ్మాయి చెంచా కింద పెట్టింది. "అమ్మా, నేను లేకపోతే అందరికీ హాయిగా ఉంటుందేమో అనిపిస్తోంది. ఊరికే అనడం లేదు. రోజూ అనిపిస్తోంది."

మిషన్ ఆగింది. అమ్మ నోట్లో గుండుసూదులు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చింది. ఆ కాస్త వ్యవధిలో ఆమెకి లోపల ఏమైందో చెప్పడం నా వల్ల కాదు. ఇలాంటప్పుడు తల్లులు సాధారణంగా అనే మాటలు కొన్ని ఉన్నాయి. నీకేం తక్కువే, ఇంత కష్టపడి చదివిస్తే ఇదా మాట, వినేవాళ్ళేమనుకుంటారు. అమ్మ ఇందులో ఒక్కటీ అనలేదు. లేచి వచ్చి, కూతురి పగిలిన చేతులు వద్దంటున్నా పట్టుకుంది.

"చెప్పి మంచిపని చేశావు" అంది. "ఇక ఇది నీ ఒక్కదాని పని కాదు. చిన్నదానా, వెళ్ళి మీ అక్క పక్కన కూర్చో. నేను చెప్పేదాకా లేవకు."

చిన్నమ్మాయి వెళ్ళి అక్కకి అతుక్కుపోయి కూర్చుంది. అమ్మ కాలేజీ మేడమ్‌కి ఫోన్ చేసింది. మేడమ్ విద్యార్థుల దగ్గర పులి. మైనం కాస్త ఎక్కువైతే పనిముట్టు ఎత్తి బల్ల మీద కొట్టే మనిషి. అమ్మ చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది. "తప్పు మాదేనమ్మా" అంది చివరికి. "కెమెరాలు ఆపేసుకున్నారని తిట్టాను కానీ, ఎందుకు ఆపేశారో అడగలేదు." ఆ సాయంత్రమే ఒక మనసు డాక్టరు ఫోన్ తెర మీదికి వచ్చాడు.

మందులు రాశాడు. వారం వారం మాట్లాడాడు. ఒకటి రెండు మాటలతో తేలిపోయే జబ్బు కాదు అది, తేలిపోలేదు కూడా. కొన్ని రోజులు బాగుండేది, కొన్ని రోజులు మంచం దిగేది కాదు. మందుల వల్ల నిద్ర పట్టింది, నిద్ర వల్ల కాస్త ఆకలి పుట్టింది. అమ్మ మిషన్ పక్కనే ఆమె మంచం వేసింది. నాన్న బస్సు డ్రైవరు. ఆసుపత్రి సిబ్బందిని తిప్పే డ్యూటీ మీద ఉండి వీధిగదిలోనే పడుకునేవాడు. ఆయన రోజూ గుమ్మం అవతల నిలబడి, "ఏమ్మా, తిన్నావా?" అని అడిగేవాడు. నమిలావా అని అడగడం ఆయనకి చేతకాలేదు.

నాలుగోసారో ఐదోసారో పెద్దమ్మాయి తాతగారి సంగతి మొత్తం డాక్టరుకి చెప్పేసింది. కోటాతో సహా.

"ఆయన పోయారని మీకెవరు చెప్పారు?" అన్నాడు డాక్టరు.

"ఎవరూ చెప్పలేదు."

"మరెలా తెలిసింది?"

"ఫోన్లు ఆగిపోయాయి."

"మీ స్నేహితులు కూడా ఫోన్లు మానేశారన్నారు. వాళ్ళూ పోయారా?"

ఆమె కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. "ఎప్పుడో ఒకప్పుడు మీరే ఫోన్ చేయాలి. ఇవాళే కాదు. చేయగలిగిన రోజున, పక్కన ఎవరైనా ఉండగా" అన్నాడు డాక్టరు. ఆ రోజు రావడానికి చాలాకాలం పట్టింది. ఫ్రిజ్‌లో పళ్ళు అలాగే ఉన్నాయి. కరెంటు పోయినప్పుడల్లా చిన్నమ్మాయి చెప్పకుండానే వాటిచుట్టూ తడిగుడ్డ కప్పేది. ఇంట్లో ఎవరూ ఆ అర ఖాళీ చేయమనలేదు.

ఏడాది దాటాక కాలేజీ తెరిచారు. పెద్దమ్మాయి వెళ్ళడానికి ఒప్పుకుంది, కానీ మనసులో వేరే ఆలోచన ఉంది. పళ్ళ సెట్టు అప్పజెప్పి, చదువు మానేస్తానని మేడమ్‌కి చెప్పి వచ్చేయాలి. మళ్ళీ ఒక మనిషి నోట్లో చెయ్యి పెట్టడం తన వల్ల కాదు. ఆ సంగతి అమ్మకి కూడా చెప్పింది. "చెప్పిరా. కానీ ఊరికే రాసి పంపకు, ఎదురుగా నిలబడి చెప్పు" అంది అమ్మ.

క్లినిక్ గుర్తుపట్టలేకుండా ఉంది. కుర్చీకీ కుర్చీకీ మధ్య ప్లాస్టిక్ తెరలు కట్టారు. కూర్చునేవాళ్ళు లేక కుర్చీల మీద దుమ్ము. మేడమ్ జుట్టు నెరిసిపోయింది. పెద్దమ్మాయి సంచిలోంచి పళ్ళ సెట్టు తీసి బల్ల మీద పెట్టి, బట్టీపట్టి తెచ్చుకున్న మాట చెప్పేసింది.

మేడమ్ తిట్టలేదు. "సరే, మానెయ్యి. నేను ఆపను" అంది. "కానీ మధ్యలో ఆగిన పేషెంట్లకి ఎవరి వాళ్ళు ఫోన్ చేసి చెప్పాలని అందరికీ చెప్పాను. నువ్వూ నీ పేషెంటుకి చెప్పి వెళ్ళు. నేనిక్కడే కూర్చుంటాను."

పెద్దమ్మాయి ఫోన్ తీసింది. వేలు ఆ నంబరు మీద పెట్టి తీసింది. మళ్ళీ పెట్టింది. మేడమ్ కుర్చీ జరుపుకుని భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. అవతల మోగుతోంది. ఎవరో కొడుకో కూతురో ఎత్తి, ఆయన లేరమ్మా అనడం ఆమె చెవుల్లో ముందే వినబడుతోంది.

"హలో? ఎవలు?"

పళ్ళు లేని గొంతు. అదే గొంతు.

"తాతగారూ, నేను... పళ్ళ కాలేజీ అమ్మాయిని."

అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం వినబడింది. "బతికే ఉన్నావా తల్లీ?" అన్నాడు పెద్దాయన. "ఎన్నిసాల్లు చేశానే. ఎత్తలేదు. డాక్టల్లు పోతున్నాలు, చిన్నవాళ్ళు కూడా పోతున్నాలు అని టీవీలో చెబుతుంటే... ఇక చెయ్యడం మానేశాను. ఎవలైనా ఎత్తి లేదని చెబుతాలేమోనని భయం."

పెద్దమ్మాయి బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అది. మేడమ్ ఆ ఫోన్ అందుకుని, "రేపు రండి తాతగారూ" అని చెప్పింది.

మర్నాడు ఆయన వచ్చాడు. చిక్కిపోయాడు, చేతికర్ర వచ్చింది. తెల్ల సూటూ, అద్దాలూ, మాస్కు మీద మాస్కూ వేసుకుని నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూసి, "మా అమ్మాయేదీ?" అన్నాడు. "నేనే" అంటే నమ్మలేదు. "మిమ్మల్ని మైకు ముందు కూర్చోబెడతానన్నాను" అన్నాక నమ్మాడు.

ఆమె చదువు మానేయడం సంగతి మరిచిపోలేదు. ఈ ఒక్క పని చేసి వెళ్ళిపోదామనుకుంది. ఫ్రిజ్‌లో ఇన్నాళ్ళు దాచిన పళ్ళ సెట్టు తీసి, కడిగి, ఆయన నోట్లో పెట్టింది. ఒక్క పన్నూ కదల్లేదు, మైనం ఎక్కడా వంగలేదు. కానీ సెట్టు నిలవలేదు. పైది జారి నాలుక మీద పడింది. కిందిది చిగుళ్ళ మీద పడవలా అటూ ఇటూ ఊగింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

అప్పుడు అర్థమైంది ఆమెకి. పళ్ళు తీసిన చోట ఎముక కరుగుతుంది. మొదటి ఏడాదే ఎక్కువ కరుగుతుంది. రెండో సంవత్సరంలో చదివిన పాఠం, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠం. మైనం కరగకుండా ఏడాదిపైన కాపలా కాసింది కానీ, ఆ మైనం ఏ నోటికోసమో ఆ నోరు ఈలోగా మారిపోతుందని ఒక్కరోజు తట్టలేదు. పళ్ళ డాక్టరు తప్ప ఇంకెవరూ చేయలేని తెలివితక్కువ పని. ఇంటిల్లిపాదీ చుట్టూ తిరిగి కాపాడిన ఆ పళ్ళు ఇప్పుడు ఎందుకూ పనికిరావు.

అద్దాల లోపల ఆవిరి కమ్మింది.

"తాతగారూ, ఇది పట్టదు. మొదటినుంచీ చెయ్యాలి" అంది. అంతటితో ఆగలేకపోయింది. "ఇంకో మాట చెప్పాలి. ఆ మూడు పళ్ళూ అప్పుడే తీయనక్కర్లేదు. నాకు పూర్తి సెట్టు చేసే పేషెంటు కావాలి, అందుకని తొందరపెట్టాను. నా కోటా కోసం. మీరు ఏడాదిపైన పళ్ళు లేకుండా ఉన్నారు. అది నా వల్లే."

పెద్దాయన నోరు తుడుచుకున్నాడు. "అది నాకు తెలుసులే" అన్నాడు.

"తెలుసా?"

"పక్క కుల్చీ పిల్లతో నువ్వు అనలేదూ, ఇది అయిపోతే నా కోటా అయిపోతుందని? నోలు తెలుచుకుని కూచున్నంతమాత్లాన చెవులు మూసుకుపోతాయా? ఎలాగూ ఊడేవే కదా, ఎవలికో ఒకలికి పనికొస్తాయిలే అనుకున్నా." ఊపిరి తీసుకున్నాడు. ఆయన మాట అలా పళ్ళు లేక జారుతూనే ఉంది, అయినా ఆ గొంతులో ఏదో పాత బిగువు వచ్చింది. "పళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ కోపం ఉంది. దేనిమీదో చెప్పనా?"

ఆమె తలూపింది.

"ఫోన్ ఎత్తలేదు చూడు, దానిమీద. నీకేం తెలీదు, కాలేజీ ఎప్పుడు తెలుస్తాలో తెలీదు. నాకు అల్థమైంది. అయితే ఏం? నేను ఉద్యోగం చేసిందంతా అదే కదా తల్లీ. బండి ఎప్పుడొస్తుందో నాకు మాత్లం తెలుసా? ఎక్కడ ఆగిపోయిందో తెలీదు. అయినా మైకు ముందు కూచుని, ఆలస్యమవుతుంది, ఆలస్యమవుతుంది అని చెబుతూనే ఉండేవాణ్ణి. చెప్పినంతసేపూ జనం అలాగే కూచుని ఉంటాలు. మైకు మూగబోతేనే వాళ్ళకి భయం. నువ్వు ఫోన్ ఎత్తి తెలీదు తాతగాలూ అనుంటే చాలు. నేను హాయిగా ఉండేవాణ్ణి. నువ్వు కూడా ఉండేదానివి."

ప్లాస్టిక్ తెరల అవతల ఎవరో మర తిప్పడం ఆపారు. పెద్దమ్మాయి ఏడాదిపైన రోజూ తనని తాను తిట్టుకుంది. ఎన్ని తిట్లలో వెతికినా ఈ ఒక్క తిట్టు లేదు. ఇది నిజంగా తన తప్పు. ఎవరైనా దిద్దుకోగలిగినంత చిన్న తప్పు. పెద్దాయన కోప్పడ్డాడని ఆమెకి బాధ కలిగింది, ఆ బాధలోనే ఎన్నాళ్ళగానో లేని తేలిక కూడా కలిగింది.

కొలత తీసే పళ్ళెం తెచ్చింది. అచ్చు పొడి నీళ్ళలో కలిపింది. చెయ్యి వణికింది. పెద్దాయన అది చూసి, తన చేతికర్ర పక్కన పెట్టి, ఆమె మణికట్టు కింద తన అరచెయ్యి ఆసరాగా పెట్టాడు. తెర అవతలి నుంచి మేడమ్ చూసింది. చూడనట్టు వెళ్ళిపోయింది.

"తెరవండి" అనబోయి పెద్దమ్మాయి ఆగింది. నిటారుగా నిలబడి, మాస్కుల వెనక గొంతు సవరించుకుంది.

"దయచేసి వినండి" అంది. "తాతగారి పళ్ళు ఇంకో రెండు నెలలు ఆలస్యంగా వస్తున్నవి. ఇంకా ఎక్కువ ఆలస్యమైతే మళ్ళీ చెబుతాము. తెలియకపోతే తెలియదని చెబుతాము. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

పెద్దాయన తల వెనక్కి ఆనించి, ఆమె చేతికి నోరు తెరిచాడు.